చదరపు మీటరు

రాత్రంతా కురిసి
ఇంకా కసి తీరని వాన.
ఇష్‌బెల్ ముందు నడుస్తోంది, మోకాళ్ల దాకా బురద,
నడుముకి వేలాడే మట్టి సంచులు
అడుగుకొకసారి తొడని చరుస్తున్నాయి.
నా భుజానికి అల్యూమినియం చట్రం,
ఇటు మీటరు, అటు మీటరు.
రకియురా దీవి అడవినంతా
ఈ రెక్కల్లేని కిటికీలోంచే చూడాలంటుంది ఆవిడ.

సముద్రం ఇక్కడికి వినిపించదు.
ఒడ్డు నుంచి ఎనిమిది వందల అంగలు.
నేనే లెక్కపెట్టాను, రాటా చెట్ల వేళ్లు దాటుకుంటూ.
అయినా చేపల నీచు వాసన.
ఫెర్న్ దుబ్బుల మధ్య నలిగిన పడక,
చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంది.
పిల్లని దాచుకోవడానికి అలల్ని వదిలి
పొట్ట ఈడ్చుకుంటూ ఇంత ఎత్తు ఎక్కి వస్తుంది
రాపోకా.
పుస్తకాల్లో సముద్ర సింహమని రాస్తారే, అది.

"పెట్టు, హోరొమోనా."
పెట్టాను.
"మొలకలు?"
బురదలో మోకరిల్లి
ఒక్కొక్కదాన్నీ వేలితో తాకి చెబుతాను.
కమహీ మూడు. రాటా ఒకటి, రెండాకులది.
పునుయి, గొడుగంత ఆకు.
ఆగు, దాని నీడలో ఇంకొకటి, పసిది.
రాపోకా పొర్లిన చోట ఇలా.
పొర్లని చోట నాచు, నాచు మీద నాచు.
ఆవిడ పెన్సిలుతోనే రాస్తుంది.
పెన్ను ఈ వానకి ఏడుస్తుంది.

ఆకుల్ని ఎండబెట్టి, నూరి
డునీడిన్‌కి పంపుతారు.
అక్కడ ఓ యంత్రం నత్రజనిని తూచి
బరువుదెంతో తేలికదెంతో విడదీసి చెబుతుందట,
ఈ ఆకులో సముద్రం పాలెంత, కొండ పాలెంత అని.
"తిన్న తిండి దాచడం ఆకుకి చేతకాదు"
అని నవ్వింది ఇష్‌బెల్.
నేను చట్రం తుడుస్తూ ఉండిపోయాను.

పంతొమ్మిదేళ్లు స్క్విడ్ పడవ మీద పనిచేశాను,
యాభయ్యో అక్షాంశం అవతల.
నడిరేయి వల పైకి లాగితే
జిగురు జిగురు వెండి కుప్పలో
ఒక్కోసారి నల్లగా, మనిషి కన్నా బరువుగా.
మొదటిసారి నేను కెప్టెన్ మొహం చూశాను,
ఆయన గడియారం చూసుకున్నాడు.
బూటు కాళ్లతో తోసేశాం.
లాగ్ పుస్తకంలో ఆ రాత్రి స్క్విడ్ టన్నులు, గాలి వేగం,
వంటవాడికి జ్వరం.
ఒకదానికి పాలు కారుతున్నాయి.
డెక్కు మీది ఉప్పునీళ్లలో తెల్లగా
కాసేపు విడిగానే ఉండి
తర్వాత కలిసిపోయాయి.
ఏ చెట్ల కిందో ఒక పిల్ల
ఎన్ని రోజులు పిలిచిందో.
ఆ ఏడు ఆ చెట్ల కింద
ఎన్ని మొలకలు తక్కువ మొలిచాయో
ఏ చట్రం పెట్టి లెక్కగట్టను?

నలభై ఒకటో చోటు.
నాచు, కుళ్లిన కొమ్మ, నా వేలి ముద్ర.
"ఏమీ లేవు, పద" అన్నాను.
"ఏమీ లేవని రాయాలిగా" అంది.
"రాయకపోతే మనం చూడనట్టే."

పుస్తకం తడిసి ముద్దయింది.
చేతికందిన తుపారే ఆకొకటి తుంచి ఇచ్చింది.
పైన పచ్చ, వెనక పిండి పూసినట్టు తెలుపు.
మా అమ్మమ్మ దీని మీద ఉత్తరం రాసి
బిళ్ల అంటించి పోస్టులో వేసేది,
బ్లఫ్ రేవులో ఉన్న తాతకి.
పెన్సిలు నా చేతికొచ్చింది.
నలభై ఒకటి, అని వేశాను. పక్కన సున్నా.
వేసి ఆగాను.
కింద ఇంకో అంకె వేశాను.

"ఏడేమిటి?" అంది ఇష్‌బెల్.
"ఎక్కడున్నాయి ఏడు?"

వెనక ఫెర్నుల్లో ఎవరో దగ్గారు,
చుట్టలు మానని ముసలాడిలా.
తడి ఒళ్లు ఆకుల్ని రాసుకుంటున్న చప్పుడు.
తన పడక చల్లారకముందే తిరిగొచ్చినట్టుంది.
ఇద్దరం కదల్లేదు.
ఆకు నా చేతిలోనే ఉంది,
తెల్లవైపు పైకి.